మీకు తెలుసా? అరచేతిలో ఇమిడే స్పిట్‌ఫైర్!

• రెండో ప్రపంచయుద్ధంలో పోరాడిన బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 11.23 మీటర్లు. 1:72 స్కేలు ప్లాస్టిక్ మోడల్‌లో అవి 15.6 సెంటీమీటర్లే! అసలు విమానంలో ఆరడుగులుండేది ఇక్కడ ఒక్క అంగుళం.

• ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1950ల్లో తెచ్చిన తొలి విమానం కిట్ స్పిట్‌ఫైరే.

• అంతకుముందే, 1942లో, అమెరికా నౌకాదళం ఇదే స్కేలులో 5 లక్షల చెక్క నమూనాలు చేసిపెట్టమని బడిపిల్లలను కోరింది. ఆకారం చూడగానే విమానం మనదో, శత్రువుదో పోల్చుకునే శిక్షణ కోసం!

• ఈ కిట్లకు వాడేది మామూలు జిగురు కాదు. అది పాలీస్టైరిన్ ప్లాస్టిక్ అంచులను కరిగించి ఒకటిగా కలిపేస్తుంది. రెండు భాగాలను దగ్గరగా పట్టుకుని, సన్నని కుంచెతో అతుకు మీద తాకిస్తే చాలు, పల్చటి ద్రావకం సందు పొడవునా దానంతటదే పాకుతుంది. ఎక్కువైతే మాత్రం నగిషీలన్నీ చెరిగిపోతాయి.

• గుర్తులు, అక్షరాలు నీళ్లలో నానబెట్టి జార్చి అంటించే డెకాల్స్. ముందు నిగనిగలాడే వార్నిష్ పూత వెయ్యాలి. గరుకు రంగు మీద అంటిస్తే అడుగున గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది.

• 1940 బ్రిటన్ గగనయుద్ధంలో ‘యూఎం’ అక్షరాలతో ఎగిరిన స్పిట్‌ఫైర్లు 152 హైదరాబాద్ స్క్వాడ్రన్‌వి. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరొచ్చింది. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగాయే!