అడుగుకు తగ్గ పాట

1998 ఫిబ్రవరి. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఇండోర్ పోటీలు. ఇథియోపియా పరుగు వీరుడు హైలీ గెబ్రెసెలాసీ 2,000 మీటర్ల పరుగుకు దిగుతూ ‘స్కాట్‌మాన్’ అనే పాట పెట్టమన్నాడు. దాని లయకు అడుగు కలిపి 4 నిమిషాల 52.86 సెకన్లలో ప్రపంచ రికార్డు సాధించాడు. ఆయనంటే విజేత, అడిగిన పాట స్టేడియంలో మోగింది. పొద్దున్నే పార్కులో చెమటోడ్చే మనకెవరు పెడతారు?

ఆ తర్వాత పదేళ్లకల్లా యమహా ‘బాడీబీట్’ అనే ప్లేయర్ తెచ్చింది. జబ్బకు కట్టుకోవాలి. చెవి తమ్మెకు తగిలించే చిన్న క్లిప్పు నాడి చూస్తుంది, లోపలి యాక్సిలరోమీటర్ అడుగులు లెక్కపెడుతుంది. నిమిషానికి ఎన్ని అడుగులు పడుతున్నాయో చూసుకుని, దాచిన పాటల్లోంచి ఆ వేగానికి సరిపడేదాన్ని ఏరి వినిపిస్తుంది. నడక కాస్తా పరుగైతే పాటా మారిపోతుంది. 2010లో ఫిలిప్స్ ‘యాక్టివా’ అదే దారిలో వచ్చింది. 2015లో స్పాటిఫై ఈ పనిని ఫోన్లోకి తెచ్చి, 2018లో ఆపేసింది.

పరిగెత్తేవారి అడుగులు సాధారణంగా నిమిషానికి 150 నుంచి 180 దాకా పడతాయి. 160 అడుగులు వేసేవారికి 160 బీట్ల పాటే దొరకనక్కర్లేదు; 80 బీట్లదైనా రెండడుగులకో దెబ్బ చొప్పున కలిసిపోతుంది. చిక్కల్లా యంత్రం లెక్కలోనే. ఒక్కో పాట వేగాన్ని సగంగానో రెట్టింపుగానో పొరబడుతుంది. పల్లవి నింపాదిగా మొదలై చరణంలో డప్పు అందుకునే మన సినిమా పాటలతో తంటా ఇంకా ఎక్కువ.

లండన్ బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో కాస్టాస్ కరగోర్గిస్ ఏళ్ల తరబడి ఈ విషయమే పరిశోధించారు. ఆయన బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో, పాట లయతో కలిపి సైకిల్ తొక్కినవారికి అదే పనికి 7 శాతం తక్కువ ఆక్సిజన్ సరిపోయింది. తమ తొక్కుడుకన్నా కాస్త నెమ్మదైన పాట విన్నప్పటితో పోలిస్తే వచ్చిన తేడా అది. అయితే ఆయాసం ముంచుకొచ్చే స్థాయికి చేరాక ఏ పాటా అలసటను మరిపించలేదు. అందుకే ఇది పోటీ పరుగుకన్నా రోజువారీ నడకకూ, మోస్తరు పరుగుకూ ఎక్కువ ఉపయోగమని నా నమ్మకం.

ఈ కిటుకు మన పల్లెలకు కొత్త కాదు. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు చెరో రోకలితో వడ్లు దంచేటప్పుడు లయ తప్పితే రోకళ్లు ఢీకొంటాయి. దంపుళ్ల పాట ఆ పోట్లను కలిపి ఉంచేది. చెయ్యి అలిసిందంటే పాటా నెమ్మదించేది. బాడీబీట్ కాళ్లకు చేసిపెట్టింది అదే.

కానీ కాళ్లు ఈడ్చే మనిషి వెంట పాట కూడా ఈడ్చుకుంటూ వస్తే నడక పెరిగేదెలా? నాకైతే అడుగుకన్నా ఒక పిసరు ముందుండే పాటే కావాలి. ప్రత్యేక ప్లేయర్ లేకున్నా ఫోన్లో జాబితా మనమే కట్టుకోవచ్చు. మామూలు నడకలో 30 సెకన్లపాటు అడుగులు లెక్కపెట్టి రెట్టింపు చేసుకోండి. అంతకు నాలుగైదు బీట్లు ఎక్కువున్న పాటలు ఏరండి. మొదటి పది నిమిషాలకు మాత్రం నెమ్మదైనవే ఉండాలి, ఒళ్లు వేడెక్కకముందే ఉరికించేవి వద్దు. నడక రోడ్డు మీదైతే ఒక చెవి ఖాళీగా ఉంచుకోండి, వెనక వచ్చే బండి హారన్ వినబడాలి.