భవిష్యత్ క్రిస్మస్ ఆత్మ

భవిష్యత్ క్రిస్మస్ ఆత్మ అనేది ఆంగ్ల రచయిత చార్లెస్ డికెన్స్ (1812–1870) వ్రాసిన "ఎ క్రిస్మస్ కారల్" అనే నవలికలోని పాత్ర. పరమ లోభియైన ఎబెనెజర్ స్క్రూజ్ అనే లండన్ వర్తకునికి క్రిస్మస్ వేళ కనిపించే మూడు ఆత్మలలో ఇది చివరిది. మొదటిది అతని గతాన్ని, రెండవది వర్తమానాన్ని చూపగా ఇది రాబోవు కాలాన్ని చూపుతుంది. తెలుగులో "భూతం" అనే మాటకు దయ్యమనీ, గడచిన కాలమనీ రెండర్థాలున్నందున "భవిష్యత్ భూతం" అనడం వింతగా ఉంటుంది. అందుచేత ఈ వ్యాసంలో ఆత్మ అనే మాటే వాడబడింది.

రచనా నేపథ్యం

ఈ నవలిక 1843 డిసెంబరు 19న లండన్‌లో వెలువడింది. చాప్‌మన్ అండ్ హాల్ సంస్థ ప్రచురించగా జాన్ లీచ్ బొమ్మలు వేశాడు. వెల 5 షిల్లింగులు. మొదట అచ్చయిన 6,000 ప్రతులు క్రిస్మస్ లోపలే అమ్ముడుపోయాయి. కారల్ అనగా క్రిస్మస్ గీతం. మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలున్న నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ప్రాంతాల పాఠకులకు ఈ మాట కొత్త కాదు. పేరుకు తగినట్లే డికెన్స్ తన అధ్యాయాలను పాటలోని చరణాలుగా పేర్కొన్నాడు. మొత్తం ఐదు చరణాలలో ఈ ఆత్మ వచ్చేది నాలుగవ దానిలో.

గనులలోను, కర్మాగారాలలోను పనిచేసే బాలల దుస్థితిపై బ్రిటిష్ ప్రభుత్వ విచారణ సంఘం వెలువరించిన నివేదిక డికెన్స్‌ను కలచివేసింది. దానిపై ఒక కరపత్రం వ్రాయాలనుకొని, కథ అయితే ఎక్కువ బలంగా తాకుతుందని మనసు మార్చుకున్నాడు. ఆయనకు ఈ బాధ పుస్తకాలలో చదివి తెలిసినది కాదు. 1824లో తండ్రి అప్పుల కారణంగా మార్షల్సీ కారాగారంలో ఉన్నప్పుడు, 12 ఏళ్ళ డికెన్స్ బూట్ల పాలిష్ తయారుచేసే చోట డబ్బాలకు చీటీలు అంటించే పనిచేశాడు.

ఆత్మ స్వరూపం

ముందు వచ్చిన రెండు ఆత్మలు స్క్రూజ్‌తో మాట్లాడతాయి, మందలిస్తాయి. ఈ మూడవది ఒక్క మాట కూడా పలుకదు. తలనుండి పాదాల వరకు నల్లని వస్త్రం కప్పుకొని ఉంటుంది. ముఖం కనిపించదు. చాచిన ఒక చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. ఆ చేతితో దారి చూపుతూ ముందుకు సాగుతుంది. ఇంకా రాని కాలానికి ముఖముండదు గదా! పాఠకుని భయపెట్టడానికి డికెన్స్‌కు ఇంతకంటె ఎక్కువ అవసరం కాలేదు.

చూపిన దృశ్యాలు

ఎవరో ఒక ధనికుడు మరణించాడు. వర్తకులు ఆ సంగతిని నవ్వులాటగా చెప్పుకుంటారు. భోజనం పెడితే అంత్యక్రియలకు వస్తానంటాడు ఒకడు. తరువాత పాత సామాను కొనే జో అనే ముసలివాని దుకాణం. అక్కడికి పనిమనిషి, చాకలి స్త్రీ, శవసంస్కారం చేయించేవాని మనిషి మూటలతో వస్తారు. మృతుని మంచపు తెరలు, దుప్పట్లు, చివరకు శవానికి తొడిగిన మంచి చొక్కా కూడా విప్పి తెచ్చి అమ్ముతారు. నవలిక మొత్తం మీద ఇంత నిర్దయగా వ్రాసిన దృశ్యం వేరొకటి లేదని చెప్పవచ్చును.

ఈ మరణానికి చలించినవారిని చూపమని స్క్రూజ్ వేడుకుంటాడు. ఆత్మ చూపినది ఆ ధనికునికి బాకీపడిన ఒక దంపతుల ఇల్లు. గడువు దొరికిందని వారి గుండె తేలికపడుతుంది. అతని చావుకు కలిగిన చలనం అదొక్కటే. అప్పుడు స్క్రూజ్ మరణం వెంట ఉండే ఆర్ద్రతను చూపమంటాడు. ఆత్మ అతనిని తన గుమాస్తా బాబ్ క్రాచిట్ ఇంటికి తీసుకుపోతుంది. అక్కడ కుంటి పిల్లవాడు టైనీ టిమ్ చనిపోయి ఉన్నాడు. కొడుకును భుజాన మోసినప్పుడు చకచక నడిచే తండ్రి ఇప్పుడు మెల్లగా నడుస్తున్నాడని ఇంటివారు అనుకోవడం ఈ ఘట్టంలోని కరుణరసానికి ఆయువుపట్టు.

చివరకు శ్మశానం. పాడుబడిన సమాధిరాతిపై స్క్రూజ్ తన పేరే చదువుతాడు.

తప్పక జరిగేదా, జరుగవచ్చునా?

సమాధిని చూడబోయే ముందు స్క్రూజ్ ఒక ప్రశ్న వేస్తాడు. ఈ చూపినవి తప్పక జరిగేవా, లేక జరుగవచ్చునన్నవి మాత్రమేనా అని. ఆత్మ బదులివ్వదు. అతడు ప్రాధేయపడినప్పుడు ఆ చెయ్యి వణుకుతుంది, అంతే.

తెలుగువారికి పరిచయమైన భవిష్యద్దర్శనాలతో పోల్చినపుడు ఈ ప్రశ్న విలువ తెలుస్తుంది. సుందరకాండలో త్రిజట కలలో రావణుడు గాడిదలు కట్టిన రథంపై దక్షిణదిక్కుగా పోతాడు. ఆ కల నిజమే అవుతుంది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానాన్ని కూడా ప్రజలు జరిగి తీరేదిగానే తలుస్తారు. ఏ వింత జరిగినా "బ్రహ్మంగారు ఆనాడే చెప్పారు" అనడం వాడుక. డికెన్స్ చూపిన భవిష్యత్తు వేరు. స్క్రూజ్ ఇలాగే బ్రతికితే వచ్చే ఫలం అది. చూసినవాడు మారితే అదీ మారుతుంది. అయితే అతడు ఎన్నటికీ చావడని కాదు, అలా దిక్కులేని చావు చావనవసరం లేదని మాత్రమే. మేలుకొన్న స్క్రూజ్ క్రాచిట్ ఇంటికి టర్కీ కోడిని పంపుతాడు, మరునాడు అతని జీతం పెంచుతాడు.

టైనీ టిమ్ చనిపోలేదని ముగింపులో స్పష్టంగా చెప్పే మాట డికెన్స్ చేతివ్రాత ప్రతిలో లేదు. అచ్చు పని జరుగుతుండగా దానిని చేర్చాడు. ఆ చేతివ్రాత ప్రతి న్యూయార్క్‌లోని మోర్గాన్ గ్రంథాలయంలో ఉన్నది.