మనసు బాగాలేదని చెప్పొచ్చు

*మానసిక జబ్బు చాలాసార్లు ఒంటి నొప్పిగానో, పని మందగించినట్టుగానో, ఇంట్లో గొడవగానో పైకి కనిపిస్తుంది. దాన్ని అందరికంటే ముందు పసిగట్టగలిగేది పక్కన కూర్చుని పనిచేసే మనిషే. సోలాపూర్‌లోని తెలుగు కార్మికవాడ కుంఠా నాకా నుంచి ఈవారం ముఖచిత్ర కథనం.*

తడిపిన తునికాకు మీద రేకు అచ్చు పెట్టి కత్తెరతో కత్తిరించాలి. చిటికెడు పొగాకు పోసి చుట్టాలి. దారం కట్టి కొసలు మడవాలి. ఏళ్ల తరబడి ఈ పని చేసిన ఆడమనిషి ఒడిలో చాట పెట్టుకుని, పక్కవాళ్లతో మాట్లాడుతూ, చేతుల వంక చూడకుండానే వందల బీడీలు చుట్టేస్తుంది. అలాంటి మనిషి రోజుకు వెయ్యి చుట్టేది కాస్తా ఐదారు వందలకు పడిపోయిందనుకోండి. చుట్టినవి కూడా వదులుగా ఉన్నాయని కార్ఖానాలో వెనక్కి ఇస్తున్నారు. నలుగురి ముచ్చట్లలో కలవడం లేదు. ‘ఏమైందక్కా?’ అని అడిగితే ‘తల బరువు, ఒళ్లంతా గుంజుతున్నది, రాత్రి నిద్ర పడతలేదు’ అంటుంది. ఇంట్లోవాళ్లు నొప్పుల గోళీ తెచ్చిస్తారు. నెలలు గడిచినా నొప్పి తగ్గదు. దాని వెనక డిప్రెషన్ ఉండొచ్చన్న అనుమానం మాత్రం ఎవరికీ రాదు.

ఇది ఒక్క కుంఠా నాకా సంగతే కాదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో దాదాపు ప్రతి పదిమందిలో ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారని తేల్చింది. అంతకంటే గుండె తరుక్కుపోయే లెక్క మరొకటి ఉంది. జబ్బు రకాన్ని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. జబ్బు ఉందని రోగికి తెలియకపోవడం, తెలిసినా బయటికి చెప్పుకోలేకపోవడం అందుకు ముఖ్యమైన కారణాలు.

మగ్గం వెంట వచ్చిన బతుకులు

కరీంనగర్, నల్లగొండ, వరంగల్, మహబూబ్‌నగర్ ప్రాంతాల పద్మశాలీలు పంతొమ్మిదో శతాబ్దం నుంచే పని వెతుక్కుంటూ సోలాపూర్ బాట పట్టారు. బట్టల మిల్లులు, చేతిమగ్గాలు, ఆ తర్వాత పవర్‌లూమ్‌లు వారికి అన్నం పెట్టాయి. దేశమంతా పేరున్న సోలాపూర్ చద్దర్లు, తువ్వాళ్లలో వీరి చెమట ఉంది. శ్రావణ పున్నమికి మార్కండేయుడి రథోత్సవం జరిగితే తూర్పు సోలాపూర్ మొత్తం తెలుగు ఊరైపోతుంది. అయితే కాలం గడిచేకొద్దీ మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. మగవాళ్లకు మగ్గం, ఆడవాళ్లకు బీడీ మిగిలాయి.

రెండూ చేసినంతకే కూలి దొరికే పనులు. ఒక పూట పడుకుంటే ఆ పూట డబ్బులు రావు. రాత్రి షిఫ్టు నిద్ర వేళల్ని తలకిందులు చేస్తుంది. మగ్గాల చప్పుడులో గంటల తరబడి నిలబడినవాడికి ఇంటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడే ఓపిక ఉండదు. దీనికి తోడు బచత్ గట్ (పొదుపు సంఘం) కిస్తీ, వడ్డీ వ్యాపారి బాకీ, ఆడపిల్ల పెళ్లి. నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో నాలుగో వంతుకు పైగా రోజుకూలీలే. రాష్ట్రాల్లో మహారాష్ట్రదే మొదటి స్థానం. పేదరికం ఒక్కటే మానసిక జబ్బు తెస్తుందని దీని అర్థం కాదు. వంశపారంపర్యం, మెదడులో రసాయనాల తీరు, చిన్నప్పటి దెబ్బలు, ఒంటి జబ్బులు ఇవన్నీ కలుస్తాయి. అందుకే ఉన్నవారికీ వస్తుంది, చదువుకున్నవారికీ వస్తుంది. కాకపోతే పూట గడవని ఇంట్లో అది మరింత లోతుగా దెబ్బ తీస్తుంది.

బాధ ఎక్కడ ఆగుతుంది, జబ్బు ఎక్కడ మొదలవుతుంది?

అయినవాళ్లు పోతే ఏడుస్తాం. పని పోతే దిగులు పడతాం. అది జబ్బు కాదు. రోజులు గడిచేకొద్దీ ఆ బాధ కొద్దికొద్దిగా సడలుతుంది, మధ్యలో ఎవరైనా నవ్విస్తే నవ్వుతాం కూడా. డిప్రెషన్‌లో అలా ఉండదు. రోజులో ఎక్కువసేపు దిగులు, దేనిమీదా మనసు పోకపోవడం కనీసం రెండు వారాలు ఎడతెగకుండా ఉంటాయి. తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది. ఆకలి చచ్చిపోతుంది. లేచి నీళ్లు పోసుకోవడమే పెద్ద పనిలా తోస్తుంది. ‘నేను ఎందుకూ పనికిరాను, అందరికీ బరువైపోయాను’ అన్న ఆలోచన వదలదు. ‘సోమరితనం’ అని తిట్టడం వల్ల అది పోదు, రోగి ఇంకా కుంగిపోతాడు.

మగవాళ్లలో ఇదే జబ్బు చాలాసార్లు కోపంగా, తాగుడుగా బయటపడుతుంది. పోగు తెగిన సంగతే చూడకుండా మగ్గం ముందు శూన్యంలోకి చూస్తూ నిలబడే మనిషిని ‘సోయి లేదు’ అని తిట్టి పంపేస్తారు. సాయంత్రం తాగి ఇంటికెళ్తే ‘చెడిపోయాడు’ అంటారు. కొందరు తాగుడు వల్ల కుంగిపోతారు, కొందరు కుంగుబాటు ఓర్చుకోలేక తాగుతారు. ఏది ముందు వచ్చినా చికిత్స రెంటికీ జరగాలి.

కొన్ని జబ్బుల తీరు వేరు. ఇరవై ఏళ్లు అటూఇటూ వయసు కుర్రాడు ఒంటరిగా గదిలో కూర్చోవడం మొదలుపెడతాడు. ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని, అన్నంలో ఏదో కలిపారని అనుమానిస్తాడు. ఎవరికీ వినిపించని గొంతులు అతనికి వినిపిస్తాయి, వాటికి జవాబిస్తాడు. ఇవి స్కిజోఫ్రెనియా లక్షణాలు కావచ్చు. ఇంకొకరు రాత్రిళ్లు రెండు గంటలే పడుకుని కూడా అలసట ఎరగరు, ఆపకుండా మాట్లాడతారు, ఉన్న డబ్బంతా ఖర్చు పెట్టేస్తారు, పది మగ్గాల కార్ఖానా పెడతానంటారు. కొన్నాళ్లకు అదే మనిషి మంచం దిగడు. అది బైపోలార్ జబ్బు కావచ్చు. కాన్పయిన కొద్ది రోజులకే బాలింత నిద్రపోకుండా, పొంతన లేకుండా మాట్లాడుతూ, బిడ్డ తనది కాదంటే అది ‘బాలింత గాలి’ అని తాయెత్తు కట్టి ఊరుకోవద్దు. తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం ఉంటుంది, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇవి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు

- రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, పని మూడూ దెబ్బతినడం
- పరీక్షల్లో ఏ లోపమూ కనబడకుండా తలనొప్పి, గుండె దడ, ఒళ్లు మంటలు, ఆయాసం పదేపదే రావడం
- ఎప్పుడూ కలివిడిగా ఉండే మనిషి ఒక్కసారిగా మౌనంగా ఉండిపోవడం, లేదా మాట, ఖర్చు, కోపం హద్దు దాటడం
- లేని మాటలు వినిపించడం, లేనివి కనిపించడం, ఆధారం లేని అనుమానాలు
- చదివే పిల్లలు బడికి వెళ్లనని మొండికేయడం, మార్కులు ఒక్కసారిగా పడిపోవడం, దోస్తులకు దూరం కావడం
- ముసలివాళ్లు ఇంటిదారి, అయినవాళ్ల పేర్లు మరిచిపోవడం
- ‘నేను లేకుంటేనే మంచిది’ అనడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, అప్పగింతలు పెట్టడం

చివరిది వినపడితే ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగినవాళ్లు ఉన్నారన్నదే ఆ క్షణాన వారికి పెద్ద ఆసరా.

దయ్యం కాదు, వైద్యం కావాలి

గాలి సోకిందని, బాణామతి చేశారని తాంత్రికుల దగ్గరికి పరుగెత్తే ఇళ్లు ఇక్కడా ఉన్నాయి, తెలంగాణలోనూ ఉన్నాయి. దేవుడికి మొక్కుకుంటే తప్పేమీ లేదు, మొక్కు మనసుకు ధైర్యాన్నిస్తుంది. కొట్టడం, కట్టేయడం మాత్రం నేరం. మందులు మాన్పించడం ప్రమాదం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా దగ్గరి ఒక ఆశ్రమానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక చనిపోయారు. మూఢనమ్మకాలపై డాక్టర్ నరేంద్ర దాభోల్కర్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత, ఆయన హత్యకు గురైన 2013లోనే మహారాష్ట్ర మూఢనమ్మకాల నిరోధక చట్టం తెచ్చింది. దయ్యం వదిలిస్తామని మనిషిని కొట్టినా, కట్టేసినా ఆ చట్టం కింద కేసు పెట్టొచ్చు.

దయ్యమని పొరబడే మరో స్థితి తాగుడు మానినప్పుడు వస్తుంది. రోజూ బాగా తాగే మనిషి ఉన్నపళంగా మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపిస్తుంది, మతి తప్పుతుంది. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగాయి. అందులో కలిపే మత్తుమందులకు అలవాటుపడినవారు అది దొరక్క వింతగా ప్రవర్తిస్తూ హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి బారులు తీరారు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూసినప్పుడూ అదే జరిగింది. కాబట్టి తాగుడు మానడం మంచిదే గానీ, డాక్టరు కనుసన్నల్లో మానాలి.

మాట మన భాషలో

ఎముక విరిగితే ఎక్స్‌రే చెబుతుంది. మనసు విరిగితే చెప్పాల్సింది రోగే. సోలాపూర్ తెలుగువాళ్లకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. మూడో తరం మరాఠీ బడుల్లో చదివింది, డాక్టరుతో ధారాళంగా మాట్లాడగలదు. బీడీలు చుట్టిన నానమ్మకు మరాఠీ బజారు వరకే వచ్చు. ‘గుబులు’, ‘గాబరా’, ‘మనసున పడతలేదు’ అన్న మాటల్ని మనవడు అనువదించి చెబితే సగం పోతుంది. మనవడి ముందు చెప్పలేని మాటలు ఎటూ గొంతు దాటవు. అందుకే రోగితో వెళ్లేవాళ్లు నమ్మకస్తులైన పెద్దవాళ్లయి ఉండాలి. రోగి మాటను కుదించకుండా, తమ మాట కలపకుండా చెప్పాలి.

వైద్యుల కొరత మరో గోడ. మన దేశంలో లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. ఈ గోడను దాటే దారి ఒకటి ఆఫ్రికాలోని జింబాబ్వేలో దొరికింది. డాక్టర్ డిక్సన్ చిబాండా అక్కడి నానమ్మలకు శిక్షణ ఇచ్చి, క్లినిక్‌ల ఆవరణల్లో బెంచీలు వేసి కూర్చోబెట్టారు. దిగులుతో వచ్చినవారు వారితో మనసు విప్పుతారు. 2016లో వెలువడిన అధ్యయనం ఆ పద్ధతి నిజంగా పనిచేస్తోందని రుజువు చేసింది. గోవాలో సంగాత్ సంస్థ డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి డిప్రెషన్ రోగులకు తోడుగా నిలిపింది, అక్కడా ఫలితం దక్కింది. కుంఠా నాకా ఆడవాళ్లు గడప ముందు కలిసి కూర్చుని పనిచేస్తారు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో వారికి తెలుసు. వారిలో కొందరికి శిక్షణ ఇస్తే జబ్బు ముదరకముందే పట్టుకోవచ్చు.

చికిత్స ఎలా ఉంటుంది?

సోలాపూర్‌లో అందరూ ‘సివిల్’ అని పిలిచే ఛత్రపతి శివాజీ మహారాజ్ సర్వోపచార్ రుగ్ణాలయం డాక్టర్ వైశంపాయన్ ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధ ఆస్పత్రి. మానసిక వైద్య విభాగం అక్కడ ఉంది. డాక్టరు ముందు థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం లాంటివి ఉన్నాయేమో చూస్తారు, అవీ దిగులుకు కారణమవుతాయి. డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మూడు రోజులు మింగి ‘గుణం లేదు’ అని మానేస్తే మొదటికే మోసం. నయమైందనిపించాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. ఈ మందులన్నీ నిద్రమాత్రలేనని, అలవాటైపోతాయని భయపడేవారు ఎక్కువ. డిప్రెషన్ మందులకు మత్తు బానిసత్వం ఉండదు. డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా ఆపడమే ప్రమాదం. చాలామందికి ఆస్పత్రిలో పడుకోవాల్సిన అవసరమే రాదు. పుణేలోని ‘యెరవడ’ మానసిక ఆస్పత్రి పేరు, ‘ఎర్రగడ్డ’ పేరు తిట్టుగా వాడే అలవాటే జనాన్ని డాక్టరు గడప తొక్కకుండా ఆపుతోంది. ఆ అలవాటు మానుకుందాం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను ప్రతి పౌరుడి హక్కుగా చేసింది. రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలంది. వారికి శిక్ష పడకూడదని, సంరక్షణ అందాలని ఆ చట్టం ఉద్దేశం. పోలీసు కేసు భయంతో ఎవరూ ఆస్పత్రికి వెళ్లకుండా ఆగొద్దు.

చట్టంలో ఉన్న హక్కు చేతికి రావాలంటే కొట్లాడక తప్పదు. సోలాపూర్ దగ్గరి కుంభారిలో బీడీ కార్మికులకు 2006లో పదివేల ఇళ్లు వచ్చాయి. 2024లో రేనగర్‌లో మరో పదిహేను వేల ఇళ్ల తాళాలు కార్మికుల చేతికందాయి. అవి ఎవరో దయతలచి ఇచ్చినవి కావు, సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడి తెచ్చుకున్నవి. అదే పట్టుదలతో సంఘాలు, కులపెద్దలు, పద్మశాలీ విద్యాసంస్థలు మరో రెండు కోరికలు ముందుపెట్టాలి. ప్రభుత్వాస్పత్రిలో తెలుగు వచ్చిన కౌన్సెలర్ కావాలి. కార్మిక వాడల్లో వారానికోసారి మానసిక వైద్య శిబిరం జరగాలి.

అంతవరకూ ప్రతి ఇల్లూ చేయగలిగిన పని ఒకటి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416. ఫోనుకు పైసా ఖర్చు లేదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఆ అయిదంకెలు మీ ఇంటి గోడ మీద, కార్ఖానా గోడ మీద ఈరోజే రాయండి. మీ మనసు బాగాలేకుంటే మీరే ఫోన్ చేయండి. పక్కవాళ్లది బాగాలేదనిపిస్తే వారి పక్కన కూర్చుని చేయించండి.