ద్రౌపది పుత్రశోకము

ద్రౌపది పుత్రశోకము మహాభారతములోని సౌప్తిక పర్వమునందును, భాగవతములోని ప్రథమ స్కంధమునందును వచ్చే ఘట్టము. కురుక్షేత్ర యుద్ధము ముగిసిన రాత్రి శిబిరములో నిద్రిస్తున్న తన అయిదుగురు కుమారులను అశ్వత్థామ వధించగా ద్రౌపది పొందిన దుఃఖము, ఆ దుఃఖము నుండి పుట్టిన ప్రతీకార వాంఛ, దాని పర్యవసానము ఇందులోని విషయము. ఈ కథను రెండు గ్రంథాలు రెండు విధాలుగా చెప్పాయి. భారతములోని ద్రౌపది హంతకుని ప్రాణము కోరుతుంది. భాగవతములోని ద్రౌపది పట్టుబడిన హంతకుని విడిచిపెట్టమంటుంది. తెలుగువారికి మొదటి కథ 13వ శతాబ్దికి చెందిన తిక్కన ద్వారా, రెండవది 15వ శతాబ్దికి చెందిన పోతన ద్వారా అందింది.

ఉపపాండవులు

పాండవుల వలన ద్రౌపదికి కలిగిన కుమారులను ఉపపాండవులు అంటారు. వ్యాస భారతము ఆది పర్వము ప్రకారము వారి పేర్లు:

* ప్రతివింధ్యుడు - ధర్మరాజు కుమారుడు
* శ్రుతసోముడు (సుతసోముడు) - భీముని కుమారుడు
* శ్రుతకర్మ - అర్జునుని కుమారుడు
* శతానీకుడు - నకులుని కుమారుడు
* శ్రుతసేనుడు - సహదేవుని కుమారుడు

ఈ పేర్లలో గ్రంథ భేదాలున్నాయి. భాగవతము నవమ స్కంధములో అర్జునుని కుమారుని పేరు శ్రుతకీర్తి. పాండవులు అడవులకు వెళ్ళిన తరువాత ఈ బాలురు ముందు ద్రుపదుని ఇంట, పిమ్మట ద్వారకలో పెరిగారు. అక్కడ వారి ఆలనాపాలనా సుభద్ర చూసింది. అంటే అరణ్య, అజ్ఞాత వాసముల 13 సంవత్సరములు ద్రౌపది తన బిడ్డలకు దూరముగా గడిపింది. యుద్ధములో వారు పాండవ పక్షమున పోరాడి, 18 రోజులూ ప్రాణాలతో నిలిచారు.

పూర్వకథ

ఈ ఘట్టానికి ముందే భారత యుద్ధములో పుత్రశోకము రెండు మలుపులకు కారణమైనది. 13వ రోజున అభిమన్యుడు మరణించగా, మరునాటి సూర్యాస్తమయము లోపల సైంధవుని చంపుతానని అర్జునుడు ప్రతిజ్ఞ చేసి నెరవేర్చుకున్నాడు. 15వ రోజున అశ్వత్థామ మరణించాడన్న మాట విని ద్రోణుడు అస్త్రసన్యాసము చేయగా, ధృష్టద్యుమ్నుడు ఆయన శిరస్సు ఖండించాడు. ధృష్టద్యుమ్నుడు ద్రుపదుడు ద్రోణునిపై పగ తీర్చుకొనుటకై చేసిన యజ్ఞములో పుట్టినవాడు. ద్రౌపది కూడా ఆ యజ్ఞవేదిక నుండే జన్మించింది. కనుక అశ్వత్థామ పగ తండ్రిని చంపినవానితో మొదలై, అతని మేనల్లుళ్ళ వరకు వచ్చింది.

రాత్రి సంహారము

దుర్యోధనుడు తొడలు విరిగి పడిపోయిన రాత్రి కౌరవ పక్షములో అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ అను ముగ్గురు వీరులు మాత్రమే మిగిలారు. మర్రిచెట్టు మీద నిద్రిస్తున్న కాకులను ఒక గుడ్లగూబ చంపుట చూసి అశ్వత్థామకు ఆ ఉపాయము తోచింది. నిద్రించువారిని చంపుట అధర్మమని కృపుడు వారించినా వినలేదు. శివుని మెప్పించి ఖడ్గము పొంది శిబిరములో ప్రవేశించాడు. ముందుగా ధృష్టద్యుమ్నుని ఆయుధముతో గాక కాళ్ళతో తన్ని చంపాడు.

ఉపపాండవులను పాండవులుగా పొరబడి చంపాడని, వారు నిద్రలోనే మరణించారని జనశ్రుతిలో ఒక కథ ఉన్నది. వ్యాస భారతములో అలా లేదు. మేనమామ మరణ వార్త విని వారు మేల్కొని, చేతికందిన ఆయుధములతో అశ్వత్థామను ఎదిరించారు. శతానీకుడు రథచక్రము ఎత్తి విసిరాడు. అయినా అయిదుగురూ ఒకరి వెనుక ఒకరు మరణించారు. శిబిర ద్వారము వద్ద కృపుడు, కృతవర్మ నిలిచి, పారిపోవువారిని చంపి, శిబిరానికి నిప్పు పెట్టారు. పాండవులు, కృష్ణుడు, సాత్యకి ఆ రాత్రి శిబిరములో లేనందున మిగిలారు.

భారత కథ

తప్పించుకొని వచ్చిన ధృష్టద్యుమ్నుని సారథి ఈ వార్త తెలిపాడు. ధర్మరాజు ఉపప్లావ్యములో ఉన్న ద్రౌపదిని తీసుకొని రమ్మని నకులుని పంపించాడు. వచ్చి నేలకూలిన ద్రౌపదిని భీముడు పట్టుకున్నాడు. తేరుకున్న ఆమె మొదట నిందించినది శత్రువును కాదు, భర్తను. కుమారులను యమునికి అప్పగించి భూమినంతా ఏలబోతున్నావు గదా, ఇక అభిమన్యుడు నీకు గుర్తుకు రాడులే అన్న అర్థములో ధర్మరాజును ఎత్తిపొడిచింది. అశ్వత్థామ ప్రాణములు తీయకపోతే తాను ఇక్కడే ప్రాయోపవేశము చేస్తానని కూర్చున్నది. అతడు దూరముగా అడవులకు పోయాడు, చచ్చినట్లు నీకు తెలిసేదెట్లా అని ధర్మరాజు అడిగాడు. అతనికి పుట్టుకతో శిరస్సున ఉన్న మణిని తెచ్చి, దానిని ధర్మరాజు తలపై చూసినప్పుడే బ్రతుకుతానని ఆమె బదులు చెప్పింది.

భీముడు వెంటనే బయలుదేరాడు. అతనిని కాపాడుటకు కృష్ణుడు, అర్జునుడు, ధర్మరాజు వెనుక వెళ్ళారు. గంగాతీరమున వ్యాసుని సమీపములో వారికి అశ్వత్థామ కనిపించాడు. అతడు ఒక గడ్డిపరకపై బ్రహ్మశిరోనామకాస్త్రమును ఆవాహన చేసి విడిచాడు. అర్జునుడు కూడా అదే అస్త్రము ప్రయోగించాడు. వ్యాస నారదులు మధ్యలో నిలువగా అర్జునుడు తన అస్త్రము ఉపసంహరించాడు. అశ్వత్థామకు ఆ శక్తి లేదు. మణిని ఇచ్చివేసి, అస్త్రమును పాండవ స్త్రీల గర్భముల మీదికి మళ్ళించాడు. దానివలన ఉత్తర గర్భములోని శిశువు మృతి చెందాడు. ఆ శిశువును బ్రతికిస్తానని కృష్ణుడు మాట ఇచ్చి, అశ్వత్థామ 3000 సంవత్సరములు ఒంటరిగా తిరుగవలెనని శపించాడు.

భీముడు మణిని తెచ్చి ద్రౌపది చేతికి ఇచ్చాడు. ఆమె కోరినది ఋణము తీరుట మాత్రమేనని, గురుపుత్రుడు తనకు గురువే అని పలికి, మణిని ధర్మరాజుకు ధరింపజేసి దీక్ష విడిచింది.

భాగవత కథ

భాగవతములో ప్రతిజ్ఞ చేసినవాడు అర్జునుడు. అశ్వత్థామ తల తెచ్చి ఇస్తానని, దానిపై కాలు పెట్టి స్నానము చేయవచ్చునని ద్రౌపదిని ఓదార్చాడు. అతనిని పశువును కట్టినట్లు కట్టి ఈడ్చుకొని వచ్చాడు. చంపివేయమని కృష్ణుడు దారిలోనే చెప్పినా చంపక, ఆమె ఎదుట నిలబెట్టాడు.

సిగ్గుతో తలవంచుకున్న గురుపుత్రుని చూసి ద్రౌపది నమస్కరించింది. పోతన భాగవతములో ఆమె అశ్వత్థామతోనే మాట్లాడుతుంది. యుద్ధానికి రాని, నీకు ఏ కీడూ చేయని, నిద్రిస్తున్న పిల్లలను చంపడానికి చేతులెలా వచ్చాయని అడుగుతుంది. ఈ భాగములోని పద్యాలు తెలుగువారికి చిరపరిచితాలు. ఆ తరువాత భర్తతో, ద్రోణుని భార్య కృపి ఇంకా జీవించి ఉన్నదని, బిడ్డల కోసము తాను ఏడుస్తున్నట్లు ఆ తల్లి ఏడువకూడదని చెప్పి, విడిచిపెట్టమంటుంది.

ధర్మరాజు, నకుల సహదేవులు, సాత్యకి ఆమె మాటను మెచ్చుకున్నారు. భీముడు ఒప్పుకోలేదు. బాలఘాతకుని వదలమని చెప్పుట వెర్రితనమని, అతడు వధార్హుడని కోపించాడు. బ్రాహ్మణుని చంపరాదు, ఆతతాయిని చంపక విడువరాదు, రెండు ధర్మాలూ నిలపవలెనని కృష్ణుడు అర్జునునితో అన్నాడు. అందులోని ఆంతర్యము గ్రహించి అర్జునుడు ఖడ్గముతో అశ్వత్థామ జుట్టు గొరిగి, మణిని తీసుకొని, శిబిరము నుండి వెళ్ళగొట్టాడు.

రెండు కథల పోలిక

రెండింటిలోనూ అశ్వత్థామ మణిని కోల్పోతాడు, ప్రాణముతో మిగులుతాడు. ద్రౌపది మనసు మారిన చోటు వేరు. భారతములో ప్రతీకారము తీరిన తరువాత ఆమె శాంతిస్తుంది. భాగవతములో హంతకుడు చేజిక్కినప్పుడు, అతని వెనుక మరొక తల్లి ఉన్నదని ఆమెకు తోస్తుంది. కుమారుల మరణము తక్కువ నష్టమని ఆమె ఎక్కడా అనదు. తన దుఃఖము ఎంతటిదో తెలిసినందువలననే మరొకరికి అది వద్దంటుంది.

అయితే క్షమించినందువలన మేలే కలిగినదని భాగవతము చెప్పదు. విడుదలైన అశ్వత్థామ తరువాత బ్రహ్మాస్త్రమును ఉత్తర గర్భముపై ప్రయోగిస్తాడు. కృష్ణుడు ఆ శిశువును కాపాడుతాడు. భీముని అభ్యంతరము నిరాధారము కాదని ఈ కథాక్రమమే తెలుపుతున్నది. భారతములోనో, అదే అస్త్రము పాండవులు వెంటాడినప్పుడు వెలువడింది. పగబట్టినా, క్షమించినా పసివానికి ముప్పు తప్పలేదు.

స్త్రీ పర్వములో

సౌప్తిక పర్వము తరువాతిదైన స్త్రీ పర్వములో నూరుగురు కుమారులను కోల్పోయిన ధృతరాష్ట్రుడు భీముని కౌగిలించి నలిపివేయబోగా, కృష్ణుడు ఇనుప విగ్రహమును ముందుంచి భీముని కాపాడాడు. గాంధారి కృష్ణుని శపించింది. ఆమె ద్రౌపదిని ఓదార్చే సందర్భము కూడా ఈ పర్వములోనే ఉన్నది. నీవు ఎట్లాగో నేనూ అట్లాగే, నన్ను ఎవరు ఓదారుస్తారు అని గాంధారి అంటుంది. తన అపరాధము వలననే వంశము నశించినదని ఒప్పుకుంటుంది.

ఉత్తర కుమారుడు పరీక్షిత్తు పాండవుల తరువాత హస్తినాపురమును పాలించాడు. భాగవతమును శుకమహర్షి వినిపించినది ఈ పరీక్షిత్తుకే.