పట్టామీది పాములు



కలిదిండిలో మా తాతగారి యింట, చావడిగోడకు మా మేనమామగారి బి.ఏ. పట్టాను అద్దము కట్టించి తగిలించిరి. మరునాటికది వెనుకగదిలోనికి పోయెను. తీయించినది మా అమ్మమ్మ. ఆమె తమ్ముడు వరికోతలనాడు పనమీద చేయివేసి పాముకాటున మరణించెను. పట్టామీది ముద్రలో రెండు పాములు కలవు. “చదువుల కాగితంమీద ఈ పురుగేమిటిరా?” యని నన్నడిగెను. నాకప్పుడు బదులు తోచలేదు.

ఆ ముద్ర ఆంధ్ర విశ్వకళాపరిషత్తుది. 1926లో బెజవాడలో ఆరంభమై, 1930లో వాల్తేరునకు తరలిన సంస్థ యది. దాని ప్రథమోపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. వారి సూచనల ననుసరించి ముద్రను రచించినవారు కౌతా రామమోహనశాస్త్రిగారు.

అందలి ఉదయసూర్యుడు విశ్వవిద్యాలయము. కిరణములు అచట బోధించు శాస్త్రశాఖలు. పద్మము లక్ష్మికిని సరస్వతికిని ఆసనము. స్వస్తికము మంగళచిహ్నము. వీనిని మన పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు. పాములమాట యట్లు కాదు. అవి జ్ఞానమును వెదకువారికిని, దానిని కాపాడువారికిని గుర్తులని పరిషత్తువారి వివరణము.

కాపాడుట మనమెరిగినదే. లంకెబిందెలున్నచోట పాము కాపుండునని మన పల్లెలలో అనుకొనుట కలదు. అమరావతి శిల్పములలో స్తూపమును చుట్టుకొని పడగవిప్పిన నాగులను చూడవచ్చును. ఆచార్య నాగార్జునుడు ప్రజ్ఞాపారమితా గ్రంథములను నాగులయొద్దనుండియే తెచ్చెనని బౌద్ధుల ఐతిహ్యము. అనగా, లోకము దానికి తగినదగువరకు ఆ విద్యను దాచియుంచినవారు నాగులు. ఇక వెదకువాడన్నచో, మహాభాష్యకర్తయగు పతంజలిని ఆదిశేషుని అవతారమని వైయాకరణులు చెప్పుకొందురు. రెండు పాములలో ఒకటి గురువు, రెండవది శిష్యుడు అని నాకు తోచును. ఇది నా యూహ మాత్రమే.

జంతువును విద్యాలయమునకు గుర్తుగా నుంచుట ఇతరదేశములందును కలదు. అమెరికాలో ఆటపందెములకై పులినో గ్రద్దనో ఎన్నుకొనుట పరిపాటి. కాలిఫోర్నియాలోని శాంతాక్రజ్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు మాత్రము, అచటి అడవులలో ప్రాకు పసుపుపచ్చని గుల్లలేని నత్తను కోరిరి. అధిపతికి సముద్రసింహము నచ్చెను. 1986లో వోట్లు నత్తకే విస్తారముగ పడగా ఆయన యొప్పుకొనెను. కొల్లేటిగట్టున మన బాతులు మ్రింగు నత్తకు చుట్టమైన ప్రాణికి అక్కడ అంతటి గౌరవము! అయితే నత్త యెవరిని కరవదు. ఈ కథ విన్నచో మా అమ్మమ్మ నవ్వియుండును గాని, పటము ముందుకు వచ్చియుండెడిది కాదు.

ముద్ర సంగతి తెలిసికొని, ఒక నాగులచవితినాడు, పుట్టలో పాలుపోసి వచ్చిన పిమ్మట ఆమెకు చెప్పితిని. నాగార్జునుని కథ ఆమెకు పట్టలేదు. లంకెబిందెలమాట వినగనే, “కాపలా పామైతే ఉండనీ” యనెను. ఆ సాయంకాలమే పటము చావడికి వచ్చెను. కాని ఆమె కూర్చుండు మంచమునకు వెనుకవైపు గోడకు తగిలింపవలసివచ్చెను.