పాత కంప్యూటర్‌కు కొత్త డిస్కు ఎలా?

1989లో వచ్చిన యాపిల్ మాకింటోష్ ఎస్‌ఈ/30ని ఇప్పుడు ఆన్ చేస్తే, ఒక్కోసారి తెర మీద ఫ్లాపీ బొమ్మ, దాని మధ్యలో ప్రశ్నార్థకం మిణుకుమంటూ కనిపిస్తాయి. హార్డ్‌డిస్కు అందడం లేదని అర్థం. ఎందుకు?

డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్లేలు నిమిషానికి 3,600 సార్లకు పైగా తిరుగుతాయి. సమాచారం చదివే సన్నటి చెయ్యి వాటి మీద అటూ ఇటూ కదులుతుంది. అది మరీ పక్కకు పోకుండా చిన్న రబ్బరు ముక్క అడ్డుంటుంది. ఆనాటి క్వాంటమ్ కంపెనీ డిస్కులు చాలావాటిలో ఈ రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడి జీళ్లపాకంలా తయారవుతుంది. చెయ్యి దానికి అతుక్కుపోతుంది. పళ్లేలు తిరుగుతూనే ఉంటాయి, చదివే దిక్కుండదు!

అందుకే డిస్కు బతికుండగానే నకలు తీయాలి. ఫైళ్లొక్కటే చాలవు, మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా అంతా ఒకే ‘ఇమేజ్’ ఫైలుగా రావాలి. కంప్యూటర్‌ను నిద్రలేపే భాగం కూడా అప్పుడే దక్కుతుంది. 40 మెగాబైట్ల డిస్కంటే ఇప్పటి ఫోన్‌లో ఓ పది ఫొటోలంతే.

ఆ ఫైలును ఎస్‌డీ కార్డులో పెట్టి, బ్లూస్కజీ అనే బుల్లి బోర్డులో గుచ్చుతారు. పాత డిస్కు తీసేసి దాని చోట ఈ బోర్డు పెడతారు; పాత 50 పిన్నుల కేబులే దీనికీ సరిపోతుంది. బోర్డు అచ్చం పాత డిస్కులాగే జవాబిస్తుంది కాబట్టి మాకింటోష్‌కు తేడా తెలియదు.

తీసిన డిస్కు మూత మాత్రం ఇంట్లో విప్పకండి. ఒక్క దుమ్ము రేణువు చాలు, పళ్లెం గీసుకుపోవడానికి.