కాలిపోయినా నిలిచిన అక్షరములు



మీ చేతిలోని తెలుగు బైబిలు ఒక్కసారి తెరవండి. ఈ అక్షరములు మీ ఇంటికి ఏ దారిన వచ్చినవో ఎప్పుడైనా ఆలోచించారా?

మన వేములవాడకు దగ్గరలోనే, కురిక్యాల బొమ్మలగుట్ట మీద, పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దములో వేయించిన శాసనము ఉన్నది. అందులో తెలుగు కంద పద్యములున్నవి. అయితే రాతి మీది మాట కోసం మనమే గుట్ట ఎక్కాలి. మాట మన ఇంటికి రావాలంటే అచ్చు కావాలి.

1778లో బెంగాలులోని హుగ్లీలో హాల్‌హెడ్ రచించిన బెంగాలీ వ్యాకరణము అచ్చయింది. దానికి అక్షరములు చేసిన చార్లెస్ విల్కిన్స్ దగ్గర పంచానన్ కర్మకార్ అనే కమ్మరి ఆ పని నేర్చుకున్నాడు. తరువాత ఆయన సెరాంపూరులో విలియం కేరీ ముద్రణాలయములో చేరాడు. 1801లో అక్కడ బెంగాలీ కొత్త నిబంధన వెలువడింది.

ఆ పని ఎట్లుండేదో గమనించండి. ఉక్కు కడ్డీ కొనపై అక్షరమును తిరగవేసి చెక్కుతారు. దానిని రాగి ముక్కపై కొడితే గుంట పడుతుంది. ఆ గుంటలో కరిగిన సీసము పోస్తే అచ్చు అక్షరము వస్తుంది.

1805లో విశాఖపట్నము వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ అనే మిషనరీలు ఆనందరాయరు సహాయముతో తెలుగు అనువాదము మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డే గ్రాంజ్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సెరాంపూరులో అచ్చయినవి. ఆ పుటలను వారిద్దరూ కండ్లారా చూడలేదు.

అదే సంవత్సరము మార్చి 11 సాయంకాలము ఆ ముద్రణాలయము అంటుకున్నది. కాగితము కాలింది. అనేక భాషల అక్షరములు కరిగి ముద్దయినవి. కేరీ చేతితో రాసుకున్న తెలుగు వ్యాకరణము కూడా బూడిదయింది.

అయితే బూడిద తీసి వెదికితే ఉక్కు కడ్డీలు చెడకుండా దొరికినవి! కరిగిన సీసమునే మళ్లీ పోసి, కొత్త అక్షరములు చేశారు. కేరీ తిరిగి రాసిన తెలుగు వ్యాకరణము 1814లో వెలువడింది. 1818లో సెరాంపూరు నుండి తెలుగు కొత్త నిబంధన, సమాచార్ దర్పణ్ అనే బెంగాలీ వారపత్రిక రెండూ వచ్చినవి.

ప్రియులారా, విత్తినవారే పంట చూడాలని లేదు. కమ్మరి చెక్కాడు, అనువాదకుడు రాశాడు, మనము చదువుచున్నాము. ఈ వారము మీ సంఘములో చదువురాని ఒకరి పక్కన కూర్చుండి, ఒక్క అక్షరమైనా నేర్పండి.